కోవిడ్ కాలంలో యాజమాన్యాలకు, కార్మికులకు ప్రభుత్వ చేయూత

ప్రత్యేక వ్యాసం

కోవిడ్-19 వ్యాప్తిని అరికట్టేందుకు 2020 మార్చి 25 నుంచి దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినపుడు కర్మాగారాలు, దుకాణాలు, హోటళ్లు, నిర్మాణ పనులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. పని జరగని రోజులకు వేతనం ఎవరు చెల్లించాలి, రాబడి లేని యాజమాన్యం చట్టప్రకారం కట్టవలసిన చందాలను ఎట్లా కట్టాలి, ఉద్యోగం కోల్పోయిన కార్మికునికి ఏ నిధి నుంచి ఆదరువు లభిస్తుంది అనే మూడు ప్రశ్నలు కార్మిక శాఖ కార్యాలయాల ముందుకు ఒకేసారి వచ్చాయి. ఈ ప్రశ్నలకు సమాధానంగా 2020 నుంచి 2022 వరకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు తీసుకున్న చర్యలను, వాటిలో అర్హతలు ఎట్లా నిర్ణయించారో, సహాయం ఏ మార్గంలో చేరిందో ఈ వ్యాసంలో వివరించడమైనది.

ముందుగా ఒక విషయం గమనించవలసి ఉంది. మహమ్మారి కాలంలో బ్రిటన్ వంటి దేశాలలో ప్రభుత్వమే వేతనంలో అధిక భాగాన్ని నేరుగా భరించింది. అక్కడ పనికి రాని ఉద్యోగి వేతనంలో 80 శాతం వరకు, నెలకు 2,500 పౌండ్ల గరిష్ఠ పరిమితితో ఖజానా నుంచి చెల్లించారు. భారతదేశంలో అటువంటి వేతన పథకం లేదు. ఇక్కడ ప్రభుత్వం ప్రధానంగా భరించినది వేతనంపై కట్టవలసిన భవిష్య నిధి చందాను. అందువలన సహాయం పొందడానికి కార్మికుడు ముందుగా ఒక సంస్థ రికార్డులో, ఆపై భవిష్య నిధి సంస్థ రికార్డులో నమోదై ఉండటం తప్పనిసరి అయింది. ఎవరికి సహాయం అందిందో, ఎవరికి అందలేదో ప్రధానంగా ఈ ఒక్క అంశమే నిర్ణయించిందని చెప్పవచ్చును.

వేతన చెల్లింపుపై ఉత్తర్వులు

కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2020 మార్చి 29న విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద ఉత్తర్వులు జారీచేస్తూ, లాక్‌డౌన్ కారణంగా మూతపడిన కాలానికి యాజమాన్యాలన్నీ కార్మికులకు గడువు తేదీన, ఎటువంటి కోత లేకుండా వేతనాలు చెల్లించాలని ఆదేశించింది. అద్దె ఇళ్లలో నివసించే కార్మికుల నుంచి ఒక నెల అద్దె అడగరాదని ఇంటి యజమానులకు కూడ అదే ఉత్తర్వులో సూచించారు. ఈ ఆదేశం మే 17 వరకు అమలులో ఉండి, మే 18 నుంచి ఉపసంహరించబడింది.

ఈ ఉత్తర్వును సవాలు చేస్తూ పలు ప్రైవేటు సంస్థలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2020 జూన్ 12న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో న్యాయస్థానం, యాజమాన్యాలపై బలవంతపు చర్యలు తీసుకోరాదని పేర్కొంటూనే, ఆ 50 రోజుల వేతనాల విషయమై యాజమాన్యాలు, కార్మికులు చర్చించుకొని ఒప్పందానికి రావచ్చునని, సయోధ్య కుదరని పక్షంలో కార్మిక శాఖ అధికారుల సహాయం కోరవచ్చునని సూచించింది. అనగా ప్రభుత్వ ఖజానా నుంచి కేటాయింపు లేకుండా యాజమాన్యంపై మోపిన బాధ్యత చివరకు రాజీ చర్చల అంశంగా మారినది. ఒప్పందం రాతపూర్వకంగా కుదుర్చుకోగల కార్మిక సంఘం ఉన్న కర్మాగారానికి, సంఘమే లేని చిన్న దుకాణానికి ఈ అవకాశం ఒకే తీరుగా ఉపయోగపడదని వేరుగా చెప్పనక్కరలేదు.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో చట్టం స్పష్టంగా ఉన్నది. అప్పట్లో అమలులో ఉన్న కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1970 ప్రకారం కాంట్రాక్టరు వేతనం చెల్లించనిచో ప్రధాన యాజమాన్యమే చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవలసి ఉండెను. అయితే, కాంట్రాక్టరు వద్ద హాజరు పట్టీ, వేతన చీటీ లేని చోట ఈ హక్కును నిరూపించుకోవడం కార్మికునికి కష్టసాధ్యం.

భవిష్య నిధి చందాను కేంద్రం భరించిన తీరు

2020 మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ రూ. 1.70 లక్షల కోట్ల ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీని ప్రకటించారు. అందులో భాగంగా 100 మంది వరకు ఉద్యోగులు గల సంస్థలలో, ఉద్యోగి వాటా 12 శాతం, యాజమాన్యం వాటా 12 శాతం కలిపి మొత్తం 24 శాతం చందాను మూడు నెలలపాటు కేంద్రమే చెల్లించాలని నిర్ణయించారు. మార్చి, ఏప్రిల్, మే నెలల వేతనాలకు మొదట ప్రకటించిన ఈ సదుపాయాన్ని జూన్, జూలై, ఆగస్టు నెలలకు కూడ పొడిగించారు. మొత్తం 6 నెలలకు రూ. 4,860 కోట్లు వ్యయమవుతుందని, 72 లక్షలకు పైగా ఉద్యోగులకు ప్రయోజనం కలుగుతుందని 2020 జూలైలో కేంద్ర మంత్రివర్గ ఆమోద సమయంలో అంచనా వేశారు.

ఒక ఉదాహరణతో ఈ సహాయం పరిమాణాన్ని తెలుసుకోవచ్చును. నెలకు రూ. 12,000 వేతనం గల కార్మికుని వాటా రూ. 1,440, యాజమాన్యం వాటా కూడ అంతే. రెండింటినీ కేంద్రం భరించినందున నెలకు రూ. 2,880 చొప్పున 6 నెలలకు రూ. 17,280 లబ్ధి సమకూరినది. ఇందులో సగం యాజమాన్యానికి మిగులు; మిగిలిన సగం కార్మికుని వేతనం నుంచి కోత పడకుండా చేతికి వచ్చిన మొత్తం. కాబట్టి ఈ నెలలకు కార్మికుని వేతనం నుంచి భవిష్య నిధి పేరిట ఏమీ మినహాయించరాదు. జర్నలిస్టులు, తనిఖీ అధికారులు పరిశీలించవలసిన కీలకాంశం ఇదే.

అర్హత నిబంధన మాత్రం కఠినమైనది. సంస్థలోని ఉద్యోగుల సంఖ్య 100కు మించరాదు. వారిలో 90 శాతం లేదా అంతకు ఎక్కువ మంది వేతనం నెలకు రూ. 15,000 కంటే తక్కువగా ఉండాలి. 80 మంది పనిచేసే సంస్థలో 72 మంది ఈ పరిమితికి లోబడి ఉన్నట్లయితే ఆ 72 మందికి చందా అందుతుంది. 71 మందే ఉన్నట్లయితే 90 శాతం నిండదు గనుక ఆ 71 మందిలో ఒక్కరికి కూడ అందదు. ఒక సూపర్‌వైజరు వేతనం పెరిగిన కారణంగా తోటి కార్మికులందరూ సహాయం కోల్పోయే పరిస్థితి ఈ నిబంధనలోనే ఇమిడి ఉన్నది. అట్లే 101వ ఉద్యోగి చేరిన సంస్థ మొత్తంగా పరిధి వెలుపలికి పోతుంది.

సహాయం చేరే మార్గం చలానా. యాజమాన్యం ముందుగా వేతనాలు చెల్లించి, ఆ మేరకు ధ్రువీకరణతో ఎలక్ట్రానిక్ చలానా-రిటర్నును సమర్పించవలసి ఉండెను. ఆ తరువాతనే అర్హులైన ఉద్యోగుల సార్వత్రిక ఖాతా సంఖ్యలలో కేంద్రం వాటా జమ అయ్యేది. ఈ ఏర్పాటు వలన నిధులు దుర్వినియోగం కాకుండా కొంత రక్షణ లభించినది. అయితే వేతనం చెల్లించడానికే నగదు లేని సంస్థ చలానా సమర్పించే దశకు చేరుకోలేదు. అత్యధికంగా దెబ్బతిన్న సంస్థలకే సహాయం అందని స్థితి ఈ విధంగా ఏర్పడినది.

ఖాతా సంఖ్య ఆధార్‌తో అనుసంధానమై ఉండటం మరొక షరతు. పాఠశాల రికార్డులో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో మరొక తేదీ ఉన్న కార్మికులు వేల సంఖ్యలో ఉండటం అధికారులకు అనుభవమే. దీనిని దృష్టిలో ఉంచుకొని భవిష్య నిధి సంస్థ 2020 ఏప్రిల్‌లో నిబంధనలు సడలించి, రెండు తేదీల మధ్య తేడా 3 సంవత్సరాల లోపు ఉన్నట్లయితే ఆధార్‌నే రుజువుగా స్వీకరించి ఆన్‌లైన్‌లో సవరించుకొనే వెసులుబాటు కల్పించినది.

పథకం ముగిసిన తరువాత తేలిన లెక్కల ప్రకారం 2.63 లక్షల సంస్థలలోని 38.82 లక్షల మంది ఉద్యోగుల ఖాతాలలో రూ. 2,567.66 కోట్లు జమ అయ్యాయి. అంచనా వేసిన 72 లక్షల మందితో పోల్చినట్లయితే ఇది సగం కంటే కొద్దిగా ఎక్కువ. వ్యయం కూడ దాదాపు సగమే. మూతపడిన సంస్థలు, సమర్పించని చలానాలు, ఆధార్ జత కాని ఖాతాలు, 90 శాతం గీత ఇవన్నీ ఈ అంతరాన్ని అర్థం చేసుకొనేటప్పుడు పరిగణించవలసిన అంశాలు.

చందా రేటు తగ్గింపు, గడువుల సడలింపు

పై పథకం పరిధిలోకి రాని సంస్థలకు 2020 మే, జూన్, జూలై నెలల వేతనాలపై చందా రేటును 12 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థలలో యాజమాన్యం వాటా 12 శాతంగానే కొనసాగినది. ఈ చర్య వలన 6.5 లక్షల సంస్థలకు, 4.3 కోట్ల మంది ఉద్యోగులకు కలిపి మూడు నెలలలో రూ. 6,750 కోట్ల నగదు అందుబాటులోకి వస్తుందని ప్రకటించారు.

ఇక్కడ ఒక తేడా తప్పక గుర్తించాలి. మొదటి పథకంలో ప్రభుత్వం డబ్బు చెల్లించింది. రెండవ చర్యలో ప్రభుత్వం ఏమీ చెల్లించలేదు. రూ. 18,000 వేతనంపై ఉద్యోగి వాటా రూ. 2,160 నుంచి రూ. 1,800కు తగ్గి, రూ. 360 అదనంగా చేతికి వచ్చినది గాని, ఆ మేరకు పదవీ విరమణ నాటి నిధి తగ్గినది. యాజమాన్యం వాటాలో మిగిలిన రూ. 360 ఎవరికి చెందాలనే విషయమై కూడ అప్పట్లో సందేహాలు తలెత్తాయి. సంస్థ వ్యయ ప్రాతిపదికన వేతనం నిర్ణయమైన ఉద్యోగికి ఆ మొత్తాన్ని కూడ ఉద్యోగికే చెల్లించాలని భవిష్య నిధి సంస్థ వివరణ ఇచ్చినది.

చలానా సమర్పణను, చెల్లింపును వేరుచేస్తూ 2020 ఏప్రిల్ 30న ఇచ్చిన సడలింపు చిన్నదిగా కనిపించినా ఉపయోగకరమైనది. డబ్బు లేకపోయినా గడువులోగా రిటర్ను దాఖలు చేసి, చెల్లింపు తరువాత చేయవచ్చును. లాక్‌డౌన్ కాలపు జాప్యాలను ఎగవేతగా పరిగణించి జరిమానా విధించరాదని కూడ నిర్ణయించారు. ఇ.ఎస్.ఐ. చందాల గడువులను సైతం ఇదే రీతిలో పొడిగించారు.

ఉద్యోగి సొంత నిధి నుంచి అడ్వాన్సు

2020 మార్చి 28న భవిష్య నిధి పథకాన్ని సవరించి, తిరిగి చెల్లించనవసరం లేని కోవిడ్ అడ్వాన్సు సదుపాయం కల్పించారు. మూడు నెలల మూల వేతనం, కరువు భత్యం మొత్తం గాని, ఖాతాలోని నిల్వలో 75 శాతం గాని ఏది తక్కువైతే అది తీసుకోవచ్చును. రూ. 14,000 వేతనం, రూ. 48,000 నిల్వ గల కార్మికునికి మూడు నెలల వేతనం రూ. 42,000, నిల్వలో 75 శాతం రూ. 36,000, కాబట్టి రూ. 36,000 లభిస్తుంది. మొదటి 10 రోజులలోనే 1.37 లక్షల క్లెయిములు పరిష్కరించి రూ. 279.65 కోట్లు పంపిణీ చేయడం జరిగినది. రెండవ ఉద్ధృతి సమయంలో, 2021 మే 31న, రెండవ పర్యాయం కూడ తీసుకొనేందుకు అనుమతించారు. ఈ సదుపాయాన్ని 2024 జూన్‌లో నిలిపివేశారు.

ఈ మొత్తాలను కోవిడ్ సహాయం పద్దులో చేర్చి చూపడం వాడుకలోకి వచ్చినది. అయితే అది కార్మికుడు తాను దాచుకొన్న సొమ్ము. అత్యవసరంలో వేగంగా చేతికి అందించడం సేవయే గాని, దానిని ప్రభుత్వ వ్యయంగా లెక్కించరాదు. వార్తా నివేదికలలో ఈ రెండింటినీ విడిగా చూపడం ఉచితం.

ఉద్యోగం కోల్పోయిన వారికి, మృతుల కుటుంబాలకు ఇ.ఎస్.ఐ. ప్రయోజనాలు

నెలకు రూ. 21,000 వరకు వేతనం గల ఇ.ఎస్.ఐ. సభ్యులకు నిరుద్యోగ భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జూలై 1 నుంచే ఉన్నది. సగటు దినసరి వేతనంలో 25 శాతం చొప్పున గరిష్ఠంగా 90 రోజులకు ఇచ్చే ఈ భృతిని 2020 మార్చి 24 నుంచి 50 శాతానికి పెంచారు. ఉద్యోగం పోయిన 90 రోజుల తరువాత కాకుండా 30 రోజులకే క్లెయిము చేసుకొనేందుకు వీలు కల్పించారు. అన్నింటికంటే ముఖ్యమైన మార్పు మరొకటి. గతంలో దరఖాస్తు పాత యాజమాన్యం ద్వారా రావలసి ఉండగా, కార్మికుడు నేరుగా ఇ.ఎస్.ఐ. బ్రాంచి కార్యాలయంలో సమర్పించవచ్చునని సవరించారు. తనను తొలగించిన యజమాని వద్దకే సంతకం కొరకు వెళ్లవలసిన అవసరం దీనితో తప్పినది.

సగటు దినసరి వేతనం రూ. 500 గల కార్మికునికి రోజుకు రూ. 250 చొప్పున 90 రోజులకు రూ. 22,500 లభించును. అయితే నిరుద్యోగానికి ముందు కనీసం 2 సంవత్సరాలు బీమా పరిధిలో ఉండి, వెనువెంటనే ముందున్న చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందున్న మూడు చందా కాలాలలో ఏదో ఒక దానిలో 78 రోజులు చందా చెల్లించి ఉండవలెను. ఈ భృతి జీవితకాలంలో ఒకే పర్యాయం గరిష్ఠంగా 90 రోజులకు లభ్యమవుతుంది. తరచు సంస్థలు మారే యువ కార్మికులు, కాంట్రాక్టరు మారినపుడల్లా కొత్త బీమా సంఖ్య పొందినవారు ఈ రోజుల లెక్క వద్దనే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. పాత, కొత్త సంఖ్యలను ఒకటిగా కలిపించుకోవడం అందువలన అవసరం.

కోవిడ్‌తో మరణించిన బీమా సభ్యుల కుటుంబాల కొరకు ఇ.ఎస్.ఐ. సంస్థ ప్రత్యేక ఉపశమన పథకాన్ని 2020 మార్చి 24 నుంచి రెండు సంవత్సరాల కాలానికి వర్తింపజేసినది. వ్యాధి నిర్ధారణకు కనీసం 3 నెలల ముందు ఆన్‌లైన్‌లో నమోదై, నిర్ధారణ నాటికి ఉద్యోగంలో ఉండి, అంతకు ముందు సంవత్సరంలో కనీసం 70 రోజుల చందా చెల్లించినవారు మరణించినట్లయితే, సగటు దినసరి వేతనంలో 90 శాతాన్ని ఆధారితులకు ప్రతి నెల చెల్లిస్తారు. కనీస మొత్తం నెలకు రూ. 1,800. భార్యకు పునర్వివాహం వరకు లేదా జీవితాంతం, కుమారునికి 25 సంవత్సరాల వయసు వరకు, కుమార్తెకు వివాహం వరకు ఇది వర్తించును. ఏడాదికి రూ. 120 చెల్లించి భార్య వైద్య సేవలు కూడ పొందవచ్చును. పథకం వర్తించే మరణాల కాలం ముగిసినా, అప్పటి మృతుల కుటుంబాలకు పింఛను కొనసాగే స్వభావం గల ప్రయోజనం ఇది.

భవిష్య నిధి సభ్యుల కుటుంబాలకు డిపాజిట్ అనుబంధ బీమా కింద లభించే గరిష్ఠ మొత్తాన్ని 2021 ఏప్రిల్ 28న రూ. 6 లక్షల నుంచి రూ. 7 లక్షలకు పెంచారు. మరణానికి ముందు 12 నెలలలో ఉద్యోగి ఒకటికి మించిన సంస్థలలో పనిచేసినా విరామం లేనట్లయితే కనీస మొత్తం రూ. 2.5 లక్షలకు అర్హత లభించును. ఈ బీమాకు కార్మికుడు ప్రీమియం చెల్లించనవసరం లేదు, చందా యాజమాన్యానిదే. అందుచేతనే తమకు ఇటువంటి బీమా ఉన్నదని తెలియని కుటుంబాలు ఉన్నాయి. కోవిడ్ మరణాలకే కాక అన్ని మరణాలకు ఇది వర్తించునన్న విషయం కూడ ప్రచారంలోకి తేవలసి ఉన్నది.

పరిశ్రమలకు రుణ హామీ, రాష్ట్ర చర్యలు

యాజమాన్యాలకు లభించిన అతిపెద్ద ఆసరా రుణ రూపంలోనిది. 2020 మేలో ప్రకటించిన అత్యవసర రుణ హామీ పథకం కింద, 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకు వద్ద ఉన్న బకాయి రుణంలో 20 శాతం వరకు అదనపు రుణాన్ని ఎటువంటి తాకట్టు లేకుండా, కేంద్ర ప్రభుత్వ పూర్తి హామీతో ఇచ్చారు. కాలపరిమితి 4 సంవత్సరాలు; మొదటి ఏడాది అసలు చెల్లింపుపై మారటోరియం; బ్యాంకుల వడ్డీపై 9.25 శాతం పరిమితి. మొదట రూ. 3 లక్షల కోట్లుగా ఉన్న హామీ పరిమితి తరువాత రూ. 5 లక్షల కోట్లకు పెరిగినది. అప్పటికే బ్యాంకు రుణం ఉన్నవారికే ఈ పథకం వర్తించినది. వడ్డీ వ్యాపారుల వద్ద అప్పుతో నడిచే చిన్న దుకాణదారునికి దీనిలో చోటు లేకపోయినది. వీధి వ్యాపారులకు మాత్రం 2020 జూన్ 1న ప్రారంభమైన పీఎం స్వనిధి ద్వారా రూ. 10,000 నిర్వహణ రుణం, 7 శాతం వడ్డీ రాయితీ కల్పించారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రీస్టార్ట్ పేరిట సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు 2020 మే 22న రూ. 450 కోట్లు, జూన్ 29న రూ. 512 కోట్లు విడుదల చేసినది. గత సంవత్సరాల నుంచి పెండింగులో ఉన్న ప్రోత్సాహకాలు ఇందులో ప్రధాన భాగం. అవి పరిశ్రమలకు రావలసిన బకాయిలే అయినప్పటికీ, ఆర్డర్లు ఆగిన నెలల్లో ఒకేసారి చేతికి రావడం వేతనాల చెల్లింపునకు ఉపకరించే చర్య. వీటితోపాటు 2020 ఏప్రిల్, మే, జూన్ నెలలకు విద్యుత్ స్థిర చార్జీల మాఫీ ప్రకటించారు. యంత్రం తిరగకపోయినా చెల్లించవలసినవి స్థిర చార్జీలు గనుక మూతపడిన పరిశ్రమకు ఈ మాఫీ విలువ ఎక్కువ.

ఏ రికార్డులోను లేని కార్మికులు

పైన వివరించిన పథకాలలో దేనిలోను పేరు లేని కార్మికుల సంఖ్యయే అధికం. వారి విషయంలో రాష్ట్ర ప్రభుత్వాలు రేషన్ కార్డును, వృత్తిని, కొన్ని సందర్భాలలో కేవలం ఉనికిని ప్రాతిపదికగా తీసుకొన్నాయి. తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు గల కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి రూ. 1,500 ఇచ్చారు. కార్డు లేని ఇతర రాష్ట్రాల వలస కార్మికులకు సైతం మనిషికి 12 కిలోల బియ్యం, రూ. 500 ఇవ్వాలని 2020 మార్చి చివరిలో నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్‌లో తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు 2020 ఏప్రిల్ 4న రూ. 1,000 చొప్పున పంపిణీ చేశారు. ఆటో, టాక్సీ డ్రైవర్లకు జూన్ 4న రూ. 10,000; దర్జీలు, నాయీ బ్రాహ్మణులు, రజకులకు జూన్ 10న రూ. 10,000, చేనేత కుటుంబాలకు జూన్ 20న రూ. 24,000 అందజేశారు. ఇవి కోవిడ్ కొరకే రూపొందించినవి కాకపోయినా, పని లేని నెలల్లోనే చేతికి వచ్చాయి.

నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు నిధి నుంచి నేరుగా ఖాతాలలో నగదు జమచేయాలని 2020 మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలకు సూచించినది. దేశవ్యాప్తంగా ఆ నిధిలో సుమారు రూ. 52,000 కోట్లు, నమోదైన కార్మికులు 3.5 కోట్లు అని అప్పట్లో పేర్కొన్నారు. నమోదు కాని, నమోదును సకాలంలో పునరుద్ధరించుకోని కార్మికుడు అడ్డాపై నిలబడిన రోజులు ఎన్ని అయినా ఈ నిధికి అర్హుడు కాలేదు.

అసంఘటిత రంగంలోకి సాధారణంగా లెక్కకు రాని ఒక వర్గం ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు. పాఠశాలలు మూతపడి, ఫీజులు వసూలు కాక, పలు యాజమాన్యాలు వేతనాలు నిలిపివేసినపుడు, పట్టభద్రులైన ఉపాధ్యాయులు ఉపాధి హామీ పనులకు, కూరగాయల అమ్మకానికి వెళ్లవలసి వచ్చినట్లు పత్రికలు విస్తృతంగా ప్రచురించాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ 8న, గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు రూ. 2,000 నగదు, రేషన్ దుకాణం ద్వారా 25 కిలోల బియ్యం ఇవ్వాలని నిర్ణయించినది. ఇక్కడ కూడ ప్రశ్న రికార్డుదే. పాఠశాల యాజమాన్యం విద్యాశాఖకు సమర్పించిన వివరాలలో పేరు లేని ఉపాధ్యాయుడు తాను అక్కడ బోధించినట్లు ఏ విధంగా రుజువు చేసుకోవాలన్నది మండల స్థాయి అధికారులకు ఎదురైన చిక్కు.

వలస కార్మికుల దుస్థితిపై సుమోటోగా చేపట్టిన కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 29న, అసంఘటిత కార్మికుల జాతీయ డేటాబేసును సత్వరం పూర్తిచేయాలని ఆదేశించినది. ఆ మేరకు ఇ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న ప్రారంభమైనది. మహమ్మారి రెండు ఉద్ధృతులు గడిచిన తరువాతనే ఈ జాబితా తయారీ మొదలైనదన్నది విస్మరించరాని అంశం.

తిరిగి ఉద్యోగంలో చేర్చుకొన్న సంస్థలకు ప్రోత్సాహకం

2020 అక్టోబర్ 1 నుంచి అమలైన ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన, కొత్తగా ఉద్యోగులను చేర్చుకొన్న సంస్థలకు ఉద్దేశించినది. 1,000 మంది వరకు ఉద్యోగులు గల సంస్థలకు కొత్త ఉద్యోగుల 24 శాతం చందాను, అంతకు మించిన సంస్థలకు ఉద్యోగి వాటా 12 శాతాన్ని కేంద్రం రెండు సంవత్సరాలపాటు భరించినది. 2020 మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 మధ్య ఉద్యోగం కోల్పోయి, ఆ గడువులో మరెక్కడా చేరనివారు కూడ కొత్త ఉద్యోగులుగానే పరిగణించబడ్డారు. వేతనం రూ. 15,000 లోపు ఉండాలి. 2020 సెప్టెంబర్ నాటి సంఖ్యపై, 50 మంది వరకు గల సంస్థ కనీసం ఇద్దరిని, 50 మందికి మించిన సంస్థ కనీసం ఐదుగురిని అదనంగా చేర్చుకోవలసి ఉండెను. ఉన్నవారిని తీసివేసి, కొత్తవారి పేరిట లబ్ధి పొందకుండా ఈ మూల సంఖ్య అడ్డుకట్ట వేసినది.

మొదట 2021 జూన్ 30 వరకు ఉన్న నమోదు గడువును 2022 మార్చి 31 వరకు పొడిగించారు. చివరిగా చేరినవారికి ప్రయోజనం 2024 మార్చి 31 వరకు కొనసాగినది. దేశంలో 60 లక్షలకు పైగా ఉద్యోగులు లబ్ధి పొందారు. మొదటి పథకం కంటే దీనికి స్పందన మెరుగ్గా ఉండుటకు, సంస్థలు తిరిగి తెరుచుకొని చలానాలు సక్రమంగా సమర్పించే స్థితికి రావడం ఒక కారణంగా భావించవచ్చును.

చట్టంలో చేరిన నిబంధన

2020లో చందా రేటు తగ్గింపునకు భవిష్య నిధి చట్టం, 1952 కింద ప్రత్యేక నోటిఫికేషన్ జారీచేయవలసి వచ్చినది. మహమ్మారి కొనసాగుతుండగా పార్లమెంటు ఆమోదం పొంది, 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020లోని 144వ సెక్షన్ ఈ అధికారాన్ని నేరుగా పొందుపరచినది. మహమ్మారి, స్థానిక వ్యాధి లేదా జాతీయ విపత్తు సంభవించినపుడు, భవిష్య నిధి, ఇ.ఎస్.ఐ. చందాలలో యాజమాన్యం వాటాను గాని, ఉద్యోగి వాటాను గాని, రెండింటిని గాని, ఒక్కొక్క పర్యాయం మూడు నెలల వరకు వాయిదా వేయడానికి లేదా తగ్గించడానికి కేంద్రానికి వీలున్నది. దేశమంతటికీ లేదా ఒక ప్రాంతానికి మాత్రమే దీనిని వర్తింపజేయవచ్చును. చందాను ప్రభుత్వమే భరించాలన్న నిబంధన మాత్రం ఈ సెక్షన్‌లో లేదు. అది ఎప్పటికప్పుడు బడ్జెట్ నిర్ణయమే.

2020 మార్చి నుంచి ఆగస్టు వరకు తమ ఖాతాలో చందా జమ అయినదీ లేనిదీ ఉద్యోగులు సార్వత్రిక ఖాతా సంఖ్యతో భవిష్య నిధి సంస్థ సభ్యుల పాస్‌బుక్‌లో గాని, ఉమంగ్ యాప్‌లో గాని చూసుకోవచ్చును. ఆ నెలల వేతన చీటీలో భవిష్య నిధి మినహాయింపు కనిపిస్తూ, అదే నెలకు కేంద్రం వాటా కూడ జమ అయి ఉన్నట్లయితే, ఆ వివరాలతో ప్రాంతీయ భవిష్య నిధి కార్యాలయానికి లేదా సంస్థ ఆన్‌లైన్ ఫిర్యాదుల విభాగానికి దరఖాస్తు చేసుకొనవచ్చును.